పాత కందెన మీద ఎర్ర కందెన

తుపాకీ గుళ్ళకి మైనపు కందెన ఎక్కించే మరలో గోధుమరంగుది అడుగంటింది. వేలెడు మిగిలి ఉంటుందేమో. వెల్డా మూత తిప్పి లోపలికి తొంగిచూసింది, ఉసూరుమంది, దుకాణంలో కొన్న ఎర్ర కందెన కడ్డీ పొట్లం విప్పింది.

చెయ్యాల్సిందేమిటో ఆమెకి తెలియక కాదు. మరని బల్లమీంచి ఊడదీయాలి. కింద పాత ఇస్త్రీపెట్టె పెట్టి వేడిచేసి, ఉన్న కందెనంతా కార్చెయ్యాలి. గుండు దూరే ఉక్కు గొట్టాన్ని బయటికి లాగి, దాని సన్నటి చిల్లుల్లో గట్టిపడిందంతా కిరసనాయిలుతో కడగాలి. అప్పుడు కొత్తది ఎక్కించాలి. అంతా కలిపి ఒక పూట పని. ఆ పూట ఆమె దగ్గర లేదు. తెల్లారకముందే లేచి, ముసలాళ్ళ ఆశ్రమంలో ఉతికిన తడి దుప్పట్లు లాగిలాగి భుజాలు ఊడి వచ్చేలా ఉన్నాయి.

"ఇదీ మైనమే, అదీ మైనమే," అంది గోడతో. పాతదాని నెత్తిన ఎర్ర కడ్డీ దించి మూత బిగించేసింది.

పొట్లం మీద చిన్నక్షరాల్లో రాసి ఉంది, వేడి చేసి వాడమని. చదివింది కూడా. ఇస్త్రీపెట్టె ఇంట్లో ఉంది. ఇంటికీ షెడ్డుకీ మధ్య పెరడంతా మంచు. మళ్ళీ బూట్లు తొడుక్కోవాలి. ఎవరు పోతారు?

ఒక్కొక్క సీసపు గుండూ పెట్టి పిడి కిందికి లాగింది. గుండు ఆ ఉక్కు గొట్టంలోంచి ఒరుసుకుంటూ దూరి, తుపాకీకి సరిపడా సన్నబడి, నడుముచుట్టూ ఉన్న గాడుల్లో కందెన నింపుకుని పైకొస్తుంది. ఆ కందెన లేని గుండు తుపాకీ గొట్టానికి సీసం పూసుకుంటూ పోతుంది. ఆ తర్వాతి గుండు ఆ పూత మీద జారి ఎటు పోతుందో దానికే తెలియదు. ఆ రోజు పిడి బాగా బరువుగా దిగింది. నా భుజాలు అయిపోయాయి, అనుకుంది వెల్డా. మర వేడెక్కకపోవడం వల్ల కావచ్చన్న ఆలోచన రాలేదు. గుళ్ళకేసి సరిగ్గా చూడనైనా లేదు. డబ్బాలో పోసి, చేతులు కడుక్కుని, పోయి పడుకుంది.

ఈ పని నిజానికి ఆమెది కాదు, ఆమె మొగుడు ఆర్లోది.

ఆర్లో ఈ లోయలోని సీసం కొలిమిలో పనిచేశాడు. పెళ్ళికి ముందు చేరాడు, కంపెనీ కొలిమి ఆర్పేసి తాళం వేసుకుపోయేదాకా చేశాడు. ఆయన నెత్తుట్లో సీసం ఉంది. చేతివేళ్ళు వణుకుతాయి. ఊపిరితిత్తులు పాత గోనెసంచుల్లా అయిపోయాయి, నాలుగు మెట్లెక్కితే ఈల వేస్తాయి. పరిహారం అడిగితే విచారణ పెట్టారు. బూడిదరంగు సూటు వేసుకున్న కంపెనీ ప్లీడరు లేచి రెండే రెండు ప్రశ్నలు అడిగాడు.

"మీరు ఇంట్లో తుపాకీ గుళ్ళు పోసుకుంటారా?"

"పోసుకుంటాను."

"సీసం కరిగించి?"

"మరి దేన్ని కరిగించి పోస్తారండీ, వెన్నని?"

గదిలో జనం నవ్వారు. ప్లీడరు నవ్వలేదు. కూర్చున్నాడు. పనైపోయింది. ఊరు ఊరంతటి మీదా ఏళ్ళ తరబడి సీసపు బూడిద కక్కిన పొగగొట్టం నిర్దోషి! షెడ్డులో వారానికోసారి వెలిగే చిన్న మూకుడు దోషి! ఆ లోయలో గుళ్ళు పోసుకోని ఇల్లు ఒక్కటి చూపించమనండి. కొనే స్తోమత ఉంటే ఎవడు పోసుకుంటాడు? కంపెనీ డాక్టరు మాత్రం ఎంతో జాలిగా ఒక చీటీ రాసిచ్చాడు: ఇకమీదట ఇంట్లో సీసం ముట్టుకోవద్దు.

మర్నాటినుంచి గరిటె వెల్డా పట్టుకుంది. ఆర్లోని షెడ్డు గడప దాటనివ్వలేదు. దుప్పట్ల పని అయ్యాక సీసం పని. ఎందుకంటే ఆ ఇంట్లో చలికాలం కూర అంటే ఎల్క్ మాంసమే. గుర్రమంత దుప్పి అది. ఒకటి పడితే వసంతం దాకా దిగులుండదు. పడకపోతే బీన్సు.

గోధుమరంగు కందెన ఫిన్లండు ముసలాడు ఐనో తయారుచేసేవాడు, తన తేనెపెట్టెల మైనంతో. మెత్తగా ఉండేది, ఎంత చలిలోనైనా జారేది, తేనెవాసన వేసేది. ఐనో వసంతంలో పోయాడు. అందులో ఏమేం కలిపేవాడో ఆయనతోటే పోయింది.

*

శనివారం పొద్దున్న కంకరగుంట దగ్గరికి గురిచూడ్డానికి పోయారు. వెల్డాకి సెలవు. ట్రక్కులో కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగుతూ, కిటికీ అద్దం సగం దించి చూస్తోంది. ఆర్లో పక్కన బెర్టోలి నిలబడ్డాడు. కొలిమిలో ఆర్లోతో పక్కపక్కన పనిచేసినవాడు, నోరు మూతపడని మనిషి.

మొదటి మూడు నాలుగు గుళ్ళూ గురికోసం నిలబెట్టిన అట్ట మధ్యలో దిగాయి. తర్వాత ఒకటి పక్కకి. ఇంకొకటి పైకి. ఇంకొకటి అసలు అట్టకే తగల్లేదు.

"ఏరా ఆర్లో, దేన్ని కొడుతున్నావు? అట్టనా, అవతలి కౌంటీనా?"

"నోరుముయ్యి."

"నేను నోరుమూస్తే తగుల్తుందంటావా? సరే, మూశాను." అరనిమిషం మూశాడు. "మొన్నటి ఏడాది ఇదే తుపాకీతో కాఫీ డబ్బా మూత ఎగరగొట్టావు కదరా!"

ఆర్లో తుపాకీ దించి తన కుడిచెయ్యి చూసుకున్నాడు. చేతిని చాపి, వేళ్ళు విడదీసి, వాటికేసే చూశాడు. ఆ చూపు ట్రక్కులోంచి వెల్డాకి కనిపించింది. ఎవరో అప్పగించిన వస్తువుని చూసినట్టు చూశాడు. చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

"గాలి," అన్నాడు.

గాలి లేదు. చెట్టుమీద మంచు కూడా రాలడంలేదు. బెర్టోలి కూడా అన్నాడు, "అవునవును, గాలే," అని. అంతసేపు వేళాకోళం చేసిన మనిషి ఒప్పేసుకునేసరికి వెల్డా మిగిలిన కాఫీ కిటికీలోంచి పారబోసింది.

*

ఆదివారం ఒంటరిగా కొండెక్కాడు. సాయంత్రానికి వచ్చాడు. మోకాళ్ళదాకా తడి. కుర్చీలో కూలబడి చాలాసేపు ఊపిరి తీసుకోవడమే పనిగా పెట్టుకున్నాడు. వెల్డా బూట్లు లాగింది.

"తగిలిందా?"

"తగిలింది." పొయ్యివైపు కాళ్ళు చాపి, "తగలకుండా ఉన్నా బాగుండేది. తొడమీద తగిలింది. మధ్యాహ్నమంతా రక్తం వెంట నడిచాను. దేవదారు గుబురు దగ్గర జాడ పోయింది."

ఆ లోయలో మనిషి తప్పతాగొచ్చు, అప్పు ఎగ్గొట్టొచ్చు, చర్చికి పోకపోవచ్చు. దుప్పిని కుంటిదాన్ని చేసి కొండమీద వదిలి రావడం మాత్రం ఎవడూ గట్టిగా చెప్పుకోడు.

"రేపు పోయి వెతుకుదువుగానీ," అంది వెల్డా.

"ఇంకెక్కడ పోతాను? అయిపోయింది వెల్డా. కంపెనీవాడు నా ఊపిరి లాక్కున్నాడు, సరే. వేళ్ళు ఉన్నాయి కదా అనుకున్నాను. వాడివే అవీ." చెయ్యి ఎత్తి చూపించాడు. వణుకుతోంది, ఎప్పుడూ వణికేంతే. "బెర్టోలికి చెప్తాను, తుపాకీ పట్టుకుపొమ్మని. వాడికి మనవడున్నాడు."

తుపాకీని గోడకి తగిలించి పడుకోడానికి పోయాడు. గొట్టం తుడవలేదు. నలభై ఏళ్ళ వేటలో అలా చెయ్యడం ఇదే మొదలు.

వెల్డా పొయ్యి ముందు నిలబడి ఉంది. నిజం చెప్పాలి కదా: ఆమెకి హాయిగా అనిపించింది. పోయిన ఏడాది ఆయన రావలసిన వేళకి రాకపోతే ఈ కిటికీ దగ్గరే నిలబడి, ఏ చెట్టు మొదట్లో ఊపిరందక కూర్చుండిపోయాడో అని చచ్చి బతికింది. ఇక ఆ పీడ వదిలింది. బీన్సే తింటాం, ఏమైంది? మనిషి కళ్ళముందు ఉంటాడు.

*

సోమవారం పని నుంచి వచ్చాక తుపాకీ ఆమే దించింది. ఎవరికిచ్చినా మురికిగా ఇవ్వకూడదు కదా. గుడ్డముక్క గొట్టంలోకి దోసి అవతల్నుంచి లాగింది. గుడ్డమీద బూడిదరంగు పొరలు వచ్చాయి, చేప పొలుసుల్లాంటివి, తళతళా మెరుస్తూ.

వెలుతురుకేసి పెట్టి గొట్టంలోకి చూసింది. మెలికలు తిరిగిన గాడులన్నీ సీసంతో పూడిపోయి ఉన్నాయి.

తుపాకీ బల్లమీద పెట్టి, బూట్లు తొడుక్కుని, ఈసారి మంచులో షెడ్డుకి పోయింది. డబ్బాలో మిగిలిన గుళ్ళు కిటికీ దగ్గర పోసి ఒక్కోటీ తిప్పి చూసింది. అడుగున ఉన్న కొన్ని గోధుమరంగులో నిండుగా ఉన్నాయి. మిగతావి? ఒకదానికి సగం గాడి గోధుమ, సగం ఎరుపు, మధ్యలో ఖాళీ. ఒకదానికి ఎర్రటి పెచ్చులు, గోటితో గీకితే రాలిపోయాయి. ఇంకొకదానికి గాడులు బోసిగా ఉన్నాయి, ఒట్టి సీసం. గట్టి కందెన చలికి బిగుసుకుపోయింది, మెత్తది దానికింద పక్కలకి నలిగింది, చిల్లులు మూసుకుపోయాయి. పిడి బరువైంది అందుకు. ఆమె భుజాలవల్ల కాదు.

వెల్డా బోర్లించిన బాల్చీమీద కూర్చుంది.

ఎంత అన్యాయం చూడండి! పిడి బరువెక్కితే ఆమె తన భుజాల్ని అనుమానించింది. గురి తప్పితే ఆయన తన వేళ్ళని అనుమానించాడు. ఇద్దరిలో ఒక్కరికీ మర మీదికి అనుమానం పోలేదు. ఇన్నేళ్ళూ కంపెనీ వాళ్ళకి నేర్పింది అదొక్కటే: ఏది చెడినా ముందు నీ ఒంట్లో వెతుక్కో. అంత బాగా నేర్చుకున్నారు, మొద్దు మనుషులు, కంపెనీ పోయి తాళం పడ్డాక కూడా అదే అప్పజెబుతున్నారు.

చెప్తే మళ్ళీ కొండెక్కుతాడు. కుంటిదాన్ని వెతుక్కుంటూ పోతాడు. ఈసారి ఏ గుబురులో కూలబడతాడో. చెప్పకపోతే పొయ్యి దగ్గర కూర్చుంటాడు, తన చేతులు చచ్చాయనుకుంటూ. రేడియో వింటాడు. బతికి ఉంటాడు.

చెప్పలేదు. సోమవారం చెప్పలేదు, మంగళవారమూ చెప్పలేదు. తుపాకీ మళ్ళీ గోడకి తగిలించి, గుళ్ళ డబ్బా షెడ్డులో బల్ల కిందికి తోసేసింది. ఆర్లో మంగళవారమంతా కిటికీ దగ్గర కూర్చున్నాడు. భోజనం దగ్గర చెంచా ఎడంచేత్తో పట్టుకున్నాడు. కుడిచెయ్యి బల్లకింద ఒళ్ళో పెట్టుకున్నాడు, పరాయివాళ్ళ ముందు దాచుకున్నట్టు. తన పెళ్ళాం ముందు.

*

బుధవారం వెల్డా పని నుంచి వచ్చిన కాసేపటికి బెర్టోలి వచ్చాడు. టోపీ తియ్యకుండానే వంటింట్లో కూర్చుని, "రాణీగారూ, కాఫీ ఉందా, లేక మీ ఆయన్లాగే అదీ రిటైరైపోయిందా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆర్లో గోడమీంచి తుపాకీ దించి బల్లమీద పెట్టాడు.

"తీసుకో. కొంచెం పైకి కొడుతుంది, చూసుకో. మనవడికి చెప్పు."

"నువ్వే చెప్పు. నాకేం అప్పజెప్పకు." బెర్టోలి తుపాకీని ముట్టుకోలేదు. "ఇంకా రెండురోజులుంది కదరా వేట. ఇదేం తొందర?"

"ఇంక ఆలోచించేదేం లేదు. చేతులు పోయాయి."

"తుపాకీ ఎక్కడిదక్కడ ఉంచు," అంది వెల్డా.

పొయ్యివైపే తిరిగి ఉండి అంది. ఇద్దరూ ఆమె వీపుకేసి చూశారు.

"చేతులు కాదు. కందెన. ఐనోది అయిపోతే దానిమీదే ఎర్రది పెట్టేశాను. కడగలేదు, వేడి చెయ్యలేదు. సగం గుళ్ళకి కందెనే లేదు. గొట్టం నిండా సీసం. వెలుతురులో పెట్టి చూసుకో."

ఆర్లో చూడలేదు. ఆమెనే చూస్తున్నాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"సోమవారమా? ఈవేళ బుధవారం!"

"అవును. వారాలు నాకూ వచ్చు."

"రెండురోజులు నేనిక్కడ పీనుగులా కూర్చుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"కూర్చున్నావు కాబట్టే ఊరుకున్నాను!" వెల్డా గిర్రున తిరిగింది. చేతిలో గరిటె ఉంది. "ఇంట్లో కూర్చున్నావు! ఊపిరి ఆడుతూ కూర్చున్నావు! నీకేం తెలుసు, ఆ కిటికీ దగ్గర నిలబడ్డమంటే ఏమిటో? దుప్పట్లు నేను లాగాలి, సీసం నేను కరిగించాలి, మళ్ళీ నీకోసం కొండకేసి కూడా నేనే చూస్తూ నిలబడాలి. అలిసిపోయాను ఆర్లో. అలిసిపోయే కదా ఆ దిక్కుమాలిన మర కడగలేదు!"

బెర్టోలి కప్పులోకి చూస్తూ, "నేను బయట ట్రక్కు వేడిచేసుకుంటానేం," అన్నాడు. లేవలేదు మాత్రం.

ఆర్లో తుపాకీ ఎత్తి గొట్టంలోంచి కిటికీకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. దించి, కుడిచెయ్యి బల్లమీద చాపాడు. వణుకుతోంది.

"ఈ వణుకు మునుపూ ఇంతేనా?" అన్నాడు.

"ఎప్పుడూ ఇంతే. నువ్వు ఆ వణుకు మధ్యలో కొడతావు."

ఈల వేస్తున్నట్టు నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. తేరుకునేదాకా బెర్టోలి వీపు నిమిరాడు.

"అయితే ఆ ప్లీడరుని మళ్ళీ పిలవాలిరా," అన్నాడు బెర్టోలి. "ఆర్లో నెత్తుట్లో సీసం ఎక్కించింది కొలిమి కాదు, వాడి పెళ్ళాం అని తేలిపోయింది."

"కాఫీ తాగి పో," అంది వెల్డా.

*

ఆ మధ్యాహ్నమే మర విప్పింది. ఆర్లో గడప అవతల, మంచులో, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో తుపాకీ, చేతిలో ఇత్తడి బ్రష్షుకి చుట్టిన రాగి పీచు, చేతులకి వెల్డా దుప్పట్ల దగ్గర వాడే రబ్బరు తొడుగులు. గొట్టం రుద్దుతూ, లోపలికి చెప్తున్నాడు.

"ఇస్త్రీపెట్టె ఎక్కువ కాలనివ్వకు. పొగ రాకూడదు."

"తెలుసు."

"చిల్లులన్నిట్లోంచీ సూది దూర్చావా?"

"దూర్చాను."

"అడుగునున్న చిల్లు?"

"నువ్వొచ్చి చూస్తావా ఏం?"

"రానిస్తే వస్తాను."

"గడప మీద కాలు పెట్టావో, ఇస్త్రీపెట్టె నీ మొహాన."

పాత కందెన కారి డబ్బామూతలో పడింది, గోధుమరంగు, కొసకి ఎర్రచారలు. షెడ్డంతా తేనెవాసన కమ్మింది. వెల్డా దాన్ని పారెయ్యబోయి, ఎందుకో ఆగి, పై అరలో ఓ మూలన పెట్టింది. వేడెక్కిన మరలో ఎర్రది ఎక్కించి పిడి లాగితే, వెన్నలో కత్తిలా దిగింది. మొదటి గుళ్ళు నాలుగూ చూసి మళ్ళీ మూకుట్లో వేసేసింది. ఐదోదాన్ని గడప దగ్గరికి తెచ్చి, దూరంనుంచే తిప్పి చూపించింది. గాడులన్నీ నిండుగా, ఎర్రగా ఉన్నాయి, కొత్త పగడాల్లా.

"ఊఁ," అన్నాడు ఆర్లో. అంతకన్న పొగడ్త ఆయన దగ్గర లేదు.

*

వేట ఆఖరి రోజున వెల్డా ఒంట్లో బాగోలేదని పనికి కబురు పంపింది. అబద్ధం కూడా కాదు. ట్రక్కు ఆమే నడిపింది. రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఆపింది.

"దేవదారు గుబురు దాటి పోకు," అంది.

"అక్కడే ఉంటుందది, ఉంటే. కాలు ఈడుస్తూ దూరం పోలేదు."

"ఊపిరాడకపోతే కూర్చో. సిగ్గుపడకు."

"ఎవరున్నారు అక్కడ సిగ్గుపడ్డానికి?"

వెళ్ళాడు. పది అడుగులకోసారి ఆగుతూ, చెట్టు పట్టుకుంటూ. కనిపించినంతసేపు చూసింది. తర్వాత చూసేందుకేం లేదు. దుప్పటి కప్పుకుంది. కళ్ళు మూస్తే దుప్పట్లు, యంత్రంలో తిరిగే తెల్లటి తడి దుప్పట్లు. నిద్రపోయిందో లేదో ఆమెకే తెలియదు.

తుపాకీ మోత.

కళ్ళు తెరిచింది. లోయంతా తిరిగి ఆ మోత చచ్చిపోయింది. రెండోదానికోసం ఎదురుచూసింది. మొదటిది తప్పితే రెండోది ఉండాలి. లేకపోతే ఆయనకే ఏదైనా... అద్దానికి మొహం ఆనించి కూర్చుంది. అద్దంమీద ఆవిరి పట్టింది. రెండోది రాలేదు.

దిగి, మంచులో ఆయన అడుగుల్లోనే అడుగులు వేస్తూ ఎక్కింది. గుబురు దగ్గరే ఉన్నాడు. చెట్టుకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, గోనెసంచి ఊపిరి తీసుకుంటున్నాడు. ఎదురుగా, నాలుగు బారల అవతల, ఎల్క్ పక్కకి ఒరిగి ఉంది. తొడమీద ఆదివారం నాటి గాయం నల్లగా గడ్డకట్టి ఉంది. భుజం వెనక కొత్తది ఒక్కటే, చిన్నది.

"అదే," అన్నాడు. "నాకోసం కాచుక్కూర్చుంది, పాపం. లేవను కూడా లేవలేదు."

వెల్డా దాని పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. తొడంతా కుళ్ళు పట్టింది, ఆ భాగం పనికిరాదు. మిగతాది వస్తుంది. మెడమీద చెయ్యి వేసింది. ఇంకా వెచ్చగా ఉంది. ఈ వారమంతా ఇది ఇక్కడ కుంటుతూ తిరిగింది. ఆమె ఒక పూట పని ఎగ్గొట్టినందుకు, రెండురోజులు నోరు మూసుకున్నందుకు. దానికెవరు విచారణ పెడతారు?

"చెయ్యి ఎలా ఉంది?" అని అడిగింది.

చాపాడు. వణుకుతోంది.

"లేవలేను కాసేపు," అన్నాడు. "నువ్వు మొదలుపెట్టు."

వెల్డా ఒకసారి కిందికి, ట్రక్కు ఉన్నవైపు చూసింది. ఈ మాంసమంతా అక్కడిదాకా మోసేది ఆమే. కోటు విప్పి ఆయనమీద కప్పింది, చొక్కా చేతులు పైకి మడిచింది, కత్తి తీసింది.